వజ్రపురము ద్వారములు తెరిచిన కవి: పింగళి సూరన

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటసారికి ఎడమవైపున నల్లమల కొండల వరుస విడువక తోడు వచ్చుచుండును. కుడివైపున కుందేటి పరిసరములందు నల్లరేగడి చేలు పరచుకొని యుండును. ఆళ్లగడ్డ దాటి కొండలోనికి మరలినచో అహోబిలము. దానవరాజగు హిరణ్యకశిపుని ఇంటి కంబమునుండి నరసింహుడు వెలువడిన తావు అదియేనని భక్తుల విశ్వాసము. ఉగ్రస్తంభమను పేర ఒక కొండకొమ్మును ఇప్పటికిని చూపుచున్నారు. ఈ సీమలోని పసివాడు సయితము రక్కసుల కథ వినకుండ పెరుగడు. ఆ కథలోని వింత యేమనగా, రాక్షసుని గెలిచిన శక్తి కోటవెలుపలినుండి దండెత్తి రాలేదు. అతని ఇంటి కంబమునుండియే పుట్టినది. ఆ దేవునికి మార్గము చూపినవాడు ఆ ఇంటి పసిబిడ్డడే.

ఇట్టి సీమలో పదునారవ శతాబ్దమున ఒక మహాకవి వెలసెను. దుర్భేద్యమగు ఒక రాక్షసనగరమును, దానిలో మారువేషములతో ప్రవేశించిన ముగ్గురు యువకులను, ఆ నగరములోనే పుట్టి పెరిగిన ఒక కన్యను తీసికొని అతడు తెలుగువారికి మరపురాని కథను చెప్పెను. అతడే పింగళి సూరన. ఆ కావ్యము ప్రభావతీ ప్రద్యుమ్నము. సూరన పేరు చెప్పగానే పండితులకు కళాపూర్ణోదయము స్ఫురించును. పరీక్షకు చదువు విద్యార్థులకు రాఘవపాండవీయము జ్ఞప్తికి వచ్చును. కాని అతని హృదయము సంపూర్ణముగా విచ్చుకొన్నది ఈ మూడవ కావ్యమునందే. అతని జీవితమును ఈ కావ్యమువైపు నడచిన ప్రయాణముగా చూచుట ఉచితము.

సూరన నియోగి కుటుంబమున జనించెను. తండ్రి అమరనార్యుడు, తల్లి అబ్బమాంబ. ఇంటిపేరు కృష్ణాతీరమునందలి పింగళి గ్రామమునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. ఈ వంశమును గూర్చి ఒక చిత్రమైన ఐతిహ్యము కలదు. పూర్వులలో ఒకడు మానవజాతికి చెందని ఒక స్త్రీని తన మహిమచే వశపరచుకొని ఇంట ఊడిగము చేయించుకొనెనట. ఆమెను రక్కసి అని కొందరు, డాకిని అని కొందరు చెప్పుదురు. ఈ మాట నిజమా, కల్లయా అని విచారింప పనిలేదు. రక్కసి అనగా వెలుపలినుండి వచ్చి మ్రింగిపోవు భూతమని ఇతరులు పిల్లలను భయపెట్టుచుండగా, ఆ ఇంటి పిల్లలు మాత్రము తమ ముత్తాతల వాకిట నీళ్లు మోసిన రక్కసిని గూర్చి విని యుందురు. భయంకరమైనదానిని ఇంటిమనిషిగా చూడగల చూపు ఆ వంశమునకు కథలతోనే సంక్రమించినది. ముందుముందు ఒక రాక్షసరాజు కుమార్తెను మన ఆడుబిడ్డవలె చిత్రింపగలిగిన కవికి ఇది తగిన పుట్టినిల్లు.

సూరన మొదట గరుడపురాణమును రచించెను. అది నేడు లభింపదు. అటుపిమ్మట పెదవేంకటాద్రి అను ప్రభువు ప్రోత్సాహమున రాఘవపాండవీయమును రచించి విరూపాక్షస్వామికి అంకితము చేసెను. ఒకే పద్యము రామాయణకథగా చదివిన రామాయణమగును. భారతకథగా చదివిన భారతమగును. నాలుగాశ్వాసముల పర్యంతము ఈ నియమమును నిర్వహించుట సామాన్యకార్యము కాదు. సంస్కృతమున ధనంజయుడు, కవిరాజు మున్నగువారు ఇట్టి కావ్యములు చేసియుండిరి. సంస్కృతమునందు సంధిసమాసములు ద్వ్యర్థికి తోడ్పడును. తెలుగునందు విభక్తులు, క్రియలు స్పష్టముగా వినబడుచుండును గనుక ఒక మాటను రెండు దారులలో నడిపించుట కష్టతరము. వేములవాడ భీమకవి పూర్వము ఈ పేరుగల కావ్యమును చేసెనని ప్రతీతి యున్నను అది చిక్కలేదు. కావున తెలుగునందు నేడు మనకు దక్కిన ద్వ్యర్థికావ్యములకు సూరనదే మార్గము. తరువాత రామరాజభూషణుడు హరిశ్చంద్ర నలోపాఖ్యానమున ఈ బాటనే అనుసరించెను.

ఈ కావ్యమును కేవలము శబ్దముల గారడి అని తోసిపుచ్చువారు కలరు. కవి జీవితమును పరిశీలించువారికి దీనియందు వేరొక ప్రయోజనము కనబడును. ఒక మాటలో రెండు లోకములు ఇమిడియుండగలవని సూరన ఇక్కడ చేతులారా నేర్చుకొనెను. పైకి ఒకటిగా వినబడుచు లోపల మరియొకటిగా పనిచేయు మాట అతనికి స్వాధీనమైనది. వేషము ఒకటి, వేషధారి మరియొకడు అగు నాటకమునకు ఈ విద్య మూలధనము. ప్రద్యుమ్నుని నటునిగా నడిపింపబోవు కవికి రాఘవపాండవీయము సాముగరిడీ అని చెప్పవచ్చును.

అంతట సూరన నంద్యాల చేరెను. ఆనాడు నంద్యాలను ఏలుచున్నవారు ఆరవీటి వంశములోని ఒక శాఖవారు. వారిలో కృష్ణమరాజు సాహిత్యరసికుడు. సూరన ముందటి కావ్యములను ఎరిగి, అతనిని రప్పించి, తనకొక అపూర్వకావ్యము కావలెనని కోరెను. నంద్యాల చెంతనున్న కానాల గ్రామము సూరన నివాసమని స్థానికులు నేటికిని చెప్పుకొందురు. కృష్ణమరాజు కోరికయే ఎనిమిదాశ్వాసముల కళాపూర్ణోదయముగా ఫలించెను.

ఆనాటి ప్రబంధకవులు పురాణములనుండి చిన్న కథను గ్రహించి వర్ణనలతో పెంచుచుండిరి. సూరన అట్లు చేయలేదు. నారదుడు, రంభ, నలకూబరుడు, శ్రీకృష్ణుడు మున్నగు పేర్లను పురాణములనుండి గైకొన్నను, కథను మాత్రము తానే కల్పించెను. ద్వారకలో కలభాషిణి అను వారకాంత ఉయ్యాల ఊగుచుండును. ఆకాశమున రంభానలకూబరులు విమానముపై పోవుచుందురు. నారదుడు తుంబురునిపై మాత్సర్యముతో సంగీతము నేర్వబూనును. అతని శిష్యుడు మణికంధరుడు తపస్సునకు పూనుకొనును. మణిస్తంభుడను సిద్ధుడు, అతని భార్య సుముఖాసత్తి, అడవిలో సింహవాహనయగు దేవి ఆలయము, అక్కడి బలి, శాపములు, మారురూపములు. ఈ దారములన్నియు చిక్కుపడి, తెగిపోయినట్లు కనబడి, తుదకు ఒక్కచో కూడుకొనును. వీటన్నిటికిని మూలము బ్రహ్మసరస్వతుల ఏకాంతమున పుట్టిన ఒక కథ. చెప్పబడిన కథ భూమిమీద నిజముగా జరుగుట ఈ కావ్యపు ప్రాణము. మాట జీవితమును అనుసరింపదు. జీవితమే మాటను అనుసరించును. ఇంతటి సాహసపు ఊహ ఆనాటి తెలుగు కవులలో మరియొకనికి తట్టలేదు.

సూరన జీవించిన కాలము ఎట్టిదో ఇక్కడ స్మరింపవలెను. శ్రీకృష్ణదేవరాయలు 1529లో అస్తమించెను. అష్టదిగ్గజములలో సూరన పేరు చెప్పువారున్నను, అతని కావ్యములు రాయల అనంతరకాలమునకు చెందినవని పెక్కుమంది విమర్శకులు తలంతురు. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధము జరిగెను. కృష్ణానది చెంతనున్న రెండు గ్రామముల పేర్లతో తెలుగువారు ఆ యుద్ధమును పిలిచిరి. ఏడు ప్రాకారముల నగరమని యాత్రికులు కొనియాడిన విజయనగరము ఆ ఓటమి తరువాత పాడువడెను. రాజధాని పెనుగొండకు తరలెను. సుమారు పదునాలుగేండ్లకు గోలకొండ సేనలు అహోబిలము దాకను వచ్చి గుడిని దోచెను. కోటగోడ ఎంత ఎత్తైనను అది శాశ్వతము కాదని ఆ తరమువారు కన్నులార చూచిరి. కొండవీడు, ఉదయగిరి, ఆదవాని, గండికోట మున్నగు దుర్గముల పేర్లు ఆనాడు ప్రతి ఇంటను వినబడినవే. దుర్గము అనుమాట వారికి కావ్యాలంకారము కాదు. తాము, తమ బిడ్డలు బ్రతుకుదురా లేదా అను ప్రశ్న.

ఇట్టి కాలమున సూరన హరివంశమునందలి వజ్రనాభుని కథను చేపట్టెను. వజ్రనాభుడను రాక్షసుడు బ్రహ్మను గూర్చి ఘోరతపస్సు చేసి వజ్రపురమను నగరమును వరముగా పొందెను. అతని అనుమతి లేనిదే గాలికి సయితము ఆ పురమున ప్రవేశము లేదు. ఆ బలముతో అతడు ఇంద్రుని కడకేగి ముల్లోకముల ఏలుబడి తనకు వదలుమనెను. ఇంద్రుడు యుద్ధమునకు దిగలేదు. దేవదానవుల కిరువురకును తండ్రియగు కశ్యపుడు యాగదీక్షలో ఉన్నాడని, ఆ యాగము ముగిసిన పిమ్మట న్యాయము తేలునని చెప్పి కాలయాపన చేసెను. పిదప ద్వారకకు వచ్చి శ్రీకృష్ణునితో మొరపెట్టుకొనెను. అమరావతి గోడలను కాపాడుట యెట్లు? ఇదియే కథకు బీజమైన ప్రశ్న.

శ్రీకృష్ణుని కుమారుడగు ప్రద్యుమ్నునికి నగరరక్షణ కొత్తపని కాదు. భారతము వనపర్వమున ఒక ఘట్టము కలదు. శ్రీకృష్ణుడు ఊర లేని సమయమున సాళ్వుడు ఆకాశమున తిరుగు సౌభనగరముతో వచ్చి ద్వారకను ముట్టడించెను. ఊరివారు వంతెనలు తెగగొట్టిరి, పడవల రాకపోకలు మాన్పిరి, అగడ్తలలో శూలములు నాటిరి, ముద్ర లేనివానిని లోనికి గాని వెలుపలికి గాని పోనీయలేదు. అప్పుడు సాంబుడు, చారుదేష్ణుడు, ప్రద్యుమ్నుడు కోటవాకిలి దాటి శత్రువు నెదుర్కొనిరి. ప్రద్యుమ్నుడు మూర్ఛపోగా సారథి రథమును వెనుకకు మరల్చెను. మేల్కొనిన యువకుడు సారథిని మందలించి తిరిగి రణమునకు పోయెను. అది గోడలోపల నిలిచి ఊరును కాచిన వీరుల కథ.

ప్రద్యుమ్నుని బాల్యము మరింత విచిత్రమైనది. పురిటిలోనే శంబరాసురుడు అతనిని ఎత్తుకొనిపోయి కడలిలో పడవైచెను. చేప మ్రింగిన ఆ బిడ్డడు తిరిగి శంబరుని వంటయింటికే చేరి, మాయావతి పెంపకమున పెరిగి, తుదకు ఆ రక్కసునే సంహరించెను. కావున రాక్షసుని ఇల్లు లోపలినుండి యెట్లుండునో ఎరిగిన యాదవవీరుడు ప్రద్యుమ్నుడు. వజ్రపురమునకు అతనినే పంపుట యందు ఔచిత్యము కలదు.

గాలి చొరలేని నగరమును ముట్టడించి లాభము లేదు. లోనివారు పిలువవలెను. వసుదేవుని యాగసమయమున భద్రుడను నటుడు తన విద్యచే మునులను మెప్పించి, యథేచ్ఛగా ఎల్లెడల తిరుగునట్లును, ఏ రూపమునైనను ధరించునట్లును వరములు పొందియుండెను. ఆ నటుని పేరు వజ్రపురమున మారుమ్రోగునట్లు చేయుట మొదటిపని. దానికి దూతగా ఏర్పడినది శుచిముఖి అను హంస. ఆమె సామాన్యమైన పక్షి కాదు. చదువుకొన్న హంస, మాటనేర్పరి. మంచిమాట యెట్లుండవలెనో సూరన తన అభిప్రాయములను ఈ హంసను ప్రశంసించు సందర్భముననే ఇమిడ్చెను. శబ్దశుద్ధి, అర్థపుష్టి, పదముల పొందిక, ఎదుటివాని మనస్సున నాటు శక్తి గల వాక్కు ఆమెది. కత్తులు చేయలేని పనిని ఈ వాక్కు చేసెను. వజ్రనాభుడు తానే భద్రనటుని చూడగోరి, తానే వాకిళ్లు తెరిపించి, నాటకసమాజమును లోనికి పిలిపించుకొనెను.

ఆ సమాజమున నాయకవేషము ప్రద్యుమ్నునిది. విదూషకుడు సాంబుడు. పారిపార్శ్వకుడు గదుడు. ముగ్గురును ద్వారక రాచబిడ్డలే. చేతిలో ఆయుధము లేదు, ముఖమున రంగు ఉన్నది. హరివంశమున వారు వజ్రపురమున రామాయణకథను, గంగావతరణమును, రంభ నలకూబరుని కడకు పోవు కథను ప్రదర్శించినట్లు కలదు. రాక్షసులు ఆనందపరవశులై నగలు, వస్త్రములు విప్పి ఇచ్చిరి. రావణుని ఓటమిని చూపు నాటకమును చూచి చప్పట్లు కొట్టినవారు రాక్షసులే యనుట ఆలోచింపదగిన విషయము. కళ ముందు కూర్చున్నప్పుడు రాక్షసుడు రాక్షసుడుగా ఉండలేడు, ప్రేక్షకుడగును.

ఈ నాటకమునకు తెరవెనుక మరియొక కథ నడచుచుండెను. వజ్రనాభుని కూతురు ప్రభావతి. ఆమె ప్రద్యుమ్నుని ఎన్నడును చూడలేదు. పార్వతీదేవి అనుగ్రహమున స్వప్నమందు అతడే తనకు భర్త యగునని తెలిసికొని, చిత్రమందలి రూపమునకే మనసిచ్చెను. ఎవరును చొరరాని నగరమున ఆమె కోరిక బందీయై యుండెను. శుచిముఖి ఆమె మనసెరిగి, అటునిటు వార్తలు నడిపెను. ప్రద్యుమ్నుడు తుమ్మెద రూపమున అంతఃపురమున ప్రవేశించెను. గాంధర్వవిధిని వివాహము జరిగెను. వజ్రనాభుని తమ్ముడు సునాభుని కుమార్తెలు చంద్రవతి, గుణవతి. వారును గదసాంబులను వరించిరి. యువకులు పగలు నటులు, రాత్రి అల్లుండ్రు. ఊరిని జయించుటకు వచ్చినవారు ఆ ఊరికి బంధువులైరి.

ఇక్కడనే కథ బరువెక్కినది. రహస్యము దాగదు. కావలివారికి తెలిసెను, రాజునకు తెలిసెను. వజ్రనాభుడు అల్లుని పట్టి చంపుటకు సేనను పంపెను. ప్రద్యుమ్నుడు ఎదిరింపక తప్పదు; ఎదిరించినచో అతనికి శత్రువైనవాడు భార్యకు కన్నతండ్రి. ప్రభావతి ముందు రెండు దారులు మిగిలెను. తండ్రి బ్రతికిన భర్త చచ్చును, కడుపున పుట్టిన బిడ్డయు మిగులడు. భర్త బ్రతికిన తండ్రి కూలును. హరివంశమున ప్రభావతియే భర్తచేతికి ఖడ్గమందించును. పురాణకర్తకు అది ఒక సంఘటన. కాని ఆ ఖడ్గమందించు చేయి ఎంత వణకినదో ఆలోచించినవాడు సూరన. అతడు ఆమె సంకటమును దాచలేదు. రాక్షసుని కూతురు గనుక ఆమెకు పితృప్రేమ లేదని చెప్పలేదు. మహాపతివ్రత గనుక ఆమెకు దుఃఖము లేదనియు చెప్పలేదు.

యుద్ధము జరిగెను. మాయలను ఎరిగిన రాక్షసరాజు మాయలతో పోరెను. శంబరుని ఇంట పెరిగిన యువకునికి మాయలు కొత్తవి కావు. తుదకు శ్రీకృష్ణుని చక్రబలముతో ప్రద్యుమ్నుడు వజ్రనాభుని కూల్చెను. అమరావతికి భయము తొలగెను. వజ్రపురము నేలమట్టము కాలేదు. అది మిగిలెను. ఆ నగరపు ఆడుబిడ్డలకు పుట్టిన కుమారులు దాని ఏలుబడికి వారసులైరి. విజేతలు నగరమును తగులబెట్టి పోవుట ఆనాటి లోకమున చూచుచున్న విషయము. ఈ కథలో మాత్రము విజేతలు రాక్షసుని మనుమలకే రాక్షసుని సొత్తు అప్పగించిరి. పాడువడిన విజయనగరమును తలచుకొనుచు ఈ ముగింపును చదివినచో దీని విలువ తెలియును.

ఈ కావ్యము ఐదాశ్వాసములు గలది. సూరన కావ్యములలో దీనిని చివరిదిగా లెక్కించుట పరిపాటి. దీనిని అతడు ఏ రాజునకును అంకితమీయలేదు. తన తండ్రి అమరనార్యునికి అంకితమిచ్చెను. రాఘవపాండవీయమును దేవునికి, కళాపూర్ణోదయమును రాజునకు సమర్పించిన కవి ప్రభావతీ ప్రద్యుమ్నమును కన్నతండ్రి పాదములకడ ఉంచెను. రాజులకు కృతులిచ్చి అగ్రహారములు పొందు కాలమున ఇది అరుదైన పని. ఈ అంకితమునకును కావ్యవస్తువునకును గల సంబంధము గమనింపదగినది. ఒక కూతురు తండ్రిని కోల్పోవు కథను ఒక కుమారుడు తండ్రికి కానుక చేసెను. సంతానము తల్లిదండ్రుల గోడలను దాటి తమ బ్రతుకు తాము ఎన్నుకొనక తప్పదు. దాటినంతమాత్రమున ఋణము తీరిపోదు. ప్రభావతి తీర్చలేకపోయిన ఋణమును ఆమె కథను చెప్పిన కవి తన తండ్రికి తీర్చినాడా యని సహృదయునికి తోచును.

సూరన కీర్తి ఒకే రీతిగా సాగలేదు. ప్రబంధములను వర్ణనలతో తూచినవారు మనుచరిత్రమునకు, వసుచరిత్రమునకు పెద్దపీట వేసిరి. సూరనను ద్వ్యర్థిలో నేర్పరిగా మన్నించిరి గాని కథకుడుగా అతని గొప్పతనమును చాలినంత గుర్తింపలేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము వెలువడినది. కళాపూర్ణోదయమును కేంద్రముగా చేసికొని, కథాకల్పనము, పాత్రపోషణము అను కొలబద్దలతో తెలుగు కావ్యమును పరీక్షించిన గ్రంథమది. అందలి తీర్పులన్నిటిని అంగీకరింపనివారు కూడ ఆ గ్రంథము తరువాత సూరనను మునుపటివలె చదువలేకపోయిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్ కళాపూర్ణోదయమును ఆంగ్లములోనికి తెచ్చిరి. 2006లో వారే ప్రభావతీ ప్రద్యుమ్నమును రాక్షసుని కూతురు అను అర్థము వచ్చు పేరుతో అనువదించిరి. నాయకుని పేరు విడిచి ఆ కన్యను ముందునిలిపిన ఈ పేరు కావ్యహృదయమునకు అనుగుణమైనదే.

నంద్యాలలో నాటి ప్రభువుల వైభవమును నేడు వెదకి చూచినను కానరాదు. కృష్ణమరాజు ఏ యుద్ధములు చేసెనో, ఎంత కప్పము గట్టెనో తెలిసికొనగోరువారు శాసనములు వెదకుకొనవలెను. కాని తెలుగు చదివిన ప్రతివాడును అతని పేరును ఎరుగును, కారణము సూరన. కోటకు కావలి కాచిన సైనికులకంటె కొలువున పద్యము చెప్పిన కవియే ఆ ప్రభువును ఎక్కువకాలము కాపాడెను. 2022 ఏప్రిల్ నెలలో నంద్యాల జిల్లాకేంద్రమైనది; ఆళ్లగడ్డ, అహోబిలము ఆ జిల్లాలోనివే. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని చెక్కి దేవతామూర్తులను మలచుచున్నారు. వారి ఉలి క్రింద నరసింహుడు కంబమును చీల్చుకొని వచ్చుచునే యున్నాడు. ఈ సీమ బాలురకు ఆ మూర్తి సుపరిచితము. దానితోపాటు తమ ఊరి కొలువున నిలిచిన కవి చెప్పిన ఈ రెండవ కథను కూడ వారు ఎరుగవలెను.

రాక్షసుల కథలు విని పిల్లలు ఊరకనే సంతోషింతురు. కోట, కత్తి, మాయ, గెలుపు. ఇంతవరకు కథ ఎవరైనను చెప్పగలరు. సూరన కథ వినిన విద్యార్థికి మరియొక ప్రశ్న మిగులును. మూసిన వాకిలి ముందు నిలిచినప్పుడు దానిని పగులగొట్టవలెనా, లోనివారే తెరచునట్టి మాటను నేర్వవలెనా? ప్రద్యుమ్నుడు ద్వారకలో మొదటి పనిని నేర్చెను, వజ్రపురమున రెండవదానిని నేర్చెను. కడపట కత్తి దూయక తప్పలేదు గాని, ఆ కత్తి దిగిన చోట కన్నీరు కార్చిన మనిషి ఒకతె ఉన్నదని సూరన మనకు చూపించెను. ఆమెను చూపింపక గెలుపును మాత్రమే పాడియుండినచో, అతడు వందమంది ప్రబంధకవులలో ఒకడుగా మిగిలియుండును.